పెరటి కంచెలో గుమ్ముడు పువ్వు

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగమొచ్చిన కుర్రవాళ్లకు బుద్ధికంటే గొంతు ముందు పెరిగేది. వృక్షశాస్త్రం చదివి తిరుపతిలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన నాకైతే మరీను. అలిపిరి దారిలో నడుస్తుంటే కొండమీది చెట్లన్నీ తమ పేర్లు నాకే ఒప్పజెబుతున్నట్టు ఉండేది. అట్లాంటి దినాల్లో రేణిగుంటలో పెళ్లిచూపులకు పోయినాం. అమ్మాయి అప్పుడే బీఎస్సీ ముగించింది, అదీ నా సబ్జెక్టే. కాఫీలయ్యాక సంబంధం తెచ్చిన మామ, "పిల్లోళ్లను పెరట్లో నాలుగు మాటలు మాట్లాడుకోనీండబ్బా" అన్నాడు. పెరట్లోకి పోయినాక ఏదో ఒకటి మాట్లాడాలని చుట్టూ చూశాను. కంచెలో ఒక ముళ్లపొద కనిపిస్తే, "మంగ చెట్టు. కాఫీ కుటుంబం" అన్నాను గంభీరంగా.

"కాదు సార్, గుమ్ముడు. టేకు కుటుంబం, వర్బినేసి."

"ఎదురెదురు ఆకులు, ముళ్లు... కనపడలేదా?"

"రెండింటికీ అట్లనే ఉంటాయి సార్. పువ్వు పూస్తే తెలుస్తాది."

మా గొంతులు లేచేసరికి ఇంట్లో మాటలు ఆగిపోయాయి. తిరుగు బస్సులో నాయన, "పిల్ల నచ్చిందా లేదా సెప్పరా" అన్నాడు. "పువ్వు పూయనీ నాయనా" అన్నాను. ఆయన కండక్టరు వైపు దీనంగా చూశాడు.

తర్వాత ప్రతి ఆదివారం నేను రేణిగుంట బస్సెక్కేవాణ్ణి (శాస్త్రం కోసమే!). పువ్వు కోసం పొదంతా వెతికి, కాఫీ తాగి వచ్చేవాణ్ణి. "కంపను సూసి పోతాండాడే గాని పిల్ల మాట ఎత్తడే" అని వాళ్లమ్మ దిగులుపడింది. ఈలోగా ఆమెకు చిత్తూరు నుంచి బ్యాంకు ఉద్యోగి సంబంధం వచ్చిందని తెలిసి, ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఎందుకో నాకే అర్థం కాలేదు.

వానలు పడ్డాక ఒక ఆదివారం పొదకు పసుప్పచ్చని పువ్వులు వేలాడుతున్నాయి. మంగ పువ్వు తెల్లగా విచ్చుకుంటుంది. ఇది గుమ్ముడే.

"ఇప్పుడన్నా ఒప్పుకుంటారా సార్?"

"ఒప్పుకుంటున్నాను."

వసారాలోంచి వాళ్ల నాయన కేకేశాడు. "అబ్బాయి ఒప్పుకున్నాడంట! చిత్తూరోళ్లకు వద్దని సెప్పండి!"

నేను కంగారుపడి, "ఆయన పొరబడ్డారు, పోయి చెప్పమంటారా?" అన్నాను.

ఆమె పువ్వు వైపే చూస్తూ, "వద్దులే సార్" అంది.

తాంబూలాల సందడిలో కూడా నేను సంబంధం తెచ్చిన మామను పక్కకు పిలిచి, పూత లేనప్పుడు ఎవరైనా మంగే అనుకుంటారని వివరించానట. నాలోని ఆ కుర్రవాడి పౌరుషం ఎక్కడ జారిపోయిందో మరి! ఇప్పుడు నడకకు పోయినప్పుడు ఆమె ఏ చెట్టుకు ఏ పేరు చెబితే, నేనూ అదే అంటున్నాను.