కొత్త మోడెమ్, ఎస్తేరక్క

పోయిన వారం మా ఇంట్లో కొత్త రౌటర్ డబ్బా విప్పగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి. వెంటనే ఎస్తేరక్క గుర్తొస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. ఆమెను మీరు చూసి ఉండరు. శంషాబాద్‌లో మేము కిరాయికి ఉన్న ఇంట్లో పక్క వాటా ఆమెది. విమానాశ్రయంలో, దారి తప్పిన సామాను వెతికిపెట్టే కౌంటర్‌లో పని చేసేది. రోజంతా కోపంతో ఉన్న మనుషుల మధ్య నిలబడి, ఇంటికొచ్చాక కూడా గొంతు పెంచకుండా మాట్లాడేది.

మాది పాల్మాకుల. నేను శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. మా చెల్లెలు పద్మకు పుట్టుకతోనే వినపడదు. ఆమె భర్త సురేశ్‌కూ అంతే. అతను మస్కట్‌లో ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి వెళ్లాక పద్మ నా దగ్గరే ఉండేది. వాళ్లిద్దరి మాటలూ చేతులతోనే. ఫోన్‌లో మెసేజ్‌లు పంపుకునేవారు గాని, రాసిన మాటలో మనిషి ముఖం కనపడదు కదా. అందుకే శుక్రవారం, అతని సెలవు రోజున, కంప్యూటర్ ముందు కూర్చుని గంటల తరబడి ముచ్చట్లు పెట్టుకునేవారు.

ఒకసారి సురేశ్ సెలవుకు వచ్చినప్పుడు అతని సూట్‌కేస్ రాలేదు. కౌంటర్‌లో ఒకతను ఏవేవో అడుగుతూ, వినపడదని తెలిశాక ఇంకా గట్టిగా అరిచాడట. అప్పుడు పక్కనున్న ఎస్తేరక్క వచ్చి, కాగితం మీద సూట్‌కేస్ బొమ్మ గీసి, పెన్ను అతని చేతికిచ్చింది. అతను దానికి పట్టీ గీశాడు, విరిగిన చక్రం గీశాడు. సామాను రెండో రోజుకే ఇల్లు చేరింది. అయితే సురేశ్ మాకు పదే పదే చేతులతో చెప్పింది సూట్‌కేస్ గురించి కాదు. “ఆమె నా ముఖం చూసి మాట్లాడింది” అని.

ఆ మరుసటి ఏడాది మస్కట్‌లో సురేశ్‌కు అపెండిక్స్ పగిలి, హడావిడిగా ఆపరేషన్ చేశారు. ‘బాగనే ఉన్నడు’ అని అతని స్నేహితుడు మెసేజ్ పెట్టాడు. పద్మ నమ్మలేదు. బాగుంటే ముఖం చూపించమను అని చేతులు విసిరింది. నాలుగు రోజులు సరిగా అన్నం ముట్టలేదు. చివరికి ఆ స్నేహితుడు ఆదివారం సాయంత్రం ల్యాప్‌టాప్ తీసుకుని దవాఖానకు వెళ్తానన్నాడు.

మా పాత మోడెమ్‌తో వీడియో మాటిమాటికీ నిలిచిపోయేది. ఆ రోజైనా చెల్లెలికి మొగుడి ముఖం తేటగా కనపడాలని, పొద్దున్నే దుకాణానికి వెళ్లి పాతది ఇచ్చేసి, వైఫై ఉన్న కొత్త మోడెమ్ తెచ్చాను. బిగించాను. కంప్యూటర్‌లో సిగ్నల్ నిండుగా చూపిస్తోంది, ఒక్క పేజీ తెరుచుకోదు. వైర్లు పీకి మళ్లీ పెట్టాను, ఆపి మళ్లీ ఆన్ చేశాను, కనపడిన మీటలన్నీ నొక్కాను. పద్మ పక్కనే నిలబడి నా చేతుల వంకే చూస్తోంది. నా చేతుల కంగారు ఆమెకు మాటల్లాగే అర్థమవుతోంది.

డ్యూటీ దిగి యూనిఫారంలోనే వచ్చిన ఎస్తేరక్క గుమ్మంలో ఆగి చూసింది.

“జర ఆగు సుజాతా. చేతులు పక్కకు పెట్టు,” అంది. “నాకైతే ఈ డబ్బాల సంగతి తెల్వది. సామాను రాకుంటే మేమైతే ఒకటే అడుగుతం. ఎక్కడి దాంక వచ్చింది, ఎక్కడ ఆగింది అని. ఇంటి దాంక లైన్ వస్తున్నదా?”

అప్పట్లో మా ఇంటర్నెట్ టెలిఫోన్ లైన్ మీదే వచ్చేది. టెలిఫోన్ ఎత్తి విన్నాను. “వస్తున్నది అక్కా.”

“డబ్బా దాంక?”

లైన్ దీపం నిలకడగా వెలుగుతోంది. కంప్యూటర్‌కు వైర్ తగిలిస్తే మోడెమ్ సొంత పేజీ కూడా తెరుచుకుంది. ఇంటర్నెట్ అని రాసి ఉన్న దీపం ఒక్కటే ఆరిపోయి ఉంది. అన్నీ వెలుగుతున్నాయని అప్పటిదాకా అనుకున్నాను. అప్పుడు తట్టింది. ఈ కనెక్షన్ ఫలానా వాళ్లదని కంపెనీకి చెప్పే యూజర్ పేరు, పాస్‌వర్డ్ పాత మోడెమ్‌తోనే పోయాయి. సెల్‌ఫోన్‌లో కంపెనీ వాళ్లను పట్టుకుని కొత్త పాస్‌వర్డ్ అడిగి ఎక్కించాను. దీపం వెలిగింది. పద్మ నా భుజం మీద తల ఆనించింది.

సాయంత్రం ఎస్తేరక్క కూడా వచ్చి కూర్చుంది. తెర మీద సురేశ్ నుదురు కనపడీ కనపడకముందే టెలిఫోన్ మోగింది. తెర నల్లబడింది. ఫోన్‌లో పాల్మాకుల నుంచి అమ్మ. “కనపడ్డడా బిడ్డా?” అంది.

మళ్లీ కలిపాం. మళ్లీ ఫోన్ మోగింది, మళ్లీ పోయింది. పద్మ ముఖం చేతుల్లో దాచుకుంది.

“ఆగే ముందుగాల ఏమైంది?” ఎస్తేరక్క మెల్లగా అడిగింది.

“అమ్మ ఫోన్ చేసింది.”

“మొదటిసారి?”

“అప్పుడు కూడా అమ్మనే.”

ఇద్దరం టెలిఫోన్ వంక చూశాం. ఫోన్‌నూ ఇంటర్నెట్‌నూ విడదీసే చిన్న తెల్ల డబ్బా ఒకటి పాత మోడెమ్‌కు తగిలించి ఉండేది. దాన్ని కూడా దుకాణంలోనే ఇచ్చి వచ్చాను. అది లేకపోవడంతో ఫోన్ మోగినప్పుడల్లా లైన్ తెగుతోంది.

“రేపు తెచ్చుకుందువు గని, ఇయ్యాలకు ఆ ఫోన్ పీకి పెట్టు,” అంది అక్క. “మీ అమ్మకు నా సెల్లు నుంచి నేను చెప్త.”

ఈసారి కాల్ తెగలేదు. సురేశ్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది, కళ్లలో మాత్రం నవ్వు. సెలైన్ సూది ఉన్న చేతిని కదపలేక ఒంటి చేత్తోనే మాట్లాడాడు. నీ మాట ముద్దముద్దగా ఉందని పద్మ వెక్కిరించింది, వెక్కిరిస్తూనే ఏడ్చింది, మళ్లీ నవ్వింది. వాళ్లను వదిలి మేమిద్దరం బయటి అరుగు మీద కూర్చున్నాం. ఎస్తేరక్క అమ్మకు ఫోన్ చేసి, “నీ అల్లుడు నవ్వుతున్నడు, ఇగ పరేషాన్ గాకు,” అని చెబుతుంటే, నాకు ఒళ్లంతా దూదిలా తేలికైపోయింది. ఆకలి అప్పుడే తెలిసింది. ఆమె తెచ్చిన పులిహోరను ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం.

తర్వాత ఆమె తుక్కుగూడలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయింది. నేను బడిలోనే ఉన్నాను, ఇప్పుడు నా కింద పనిచేసే టీచర్లు ఉన్నారు. ఏదో ఒకటి చెడగొట్టుకుని, ముఖం మాడ్చుకుని నా గదికి వస్తుంటారు. నడుస్తున్నదాన్ని ఎందుకు మార్చావని ఆ సాయంత్రం ఎస్తేరక్క నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అది నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. అందుకే ఎవరైనా వస్తే ముందు కుర్చీ చూపిస్తాను. ఎందుకు చేశారన్న ప్రశ్న నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపేసి, ఏం జరిగిందో చెప్పమంటాను. వాళ్ల బిగిసిన భుజాలు సడలడం కనపడుతుంది.