ఖాళీ జాగాలో నాలుగు వందల పన్నెండు మంది

విశ్వాసమ్మకు కోపం కొత్త కాదు. నందికొట్కూరు బస్టాండు ఎదురుగా ఇరవై ఆరేళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్న మనిషి. పెళ్లి పత్రికలో తాత పేరు కింది వరసలో వేశారని కొట్లాటకు వచ్చిన వియ్యంకుల్ని ఎందరినో నిలబెట్టి కడిగింది. అయితే ఆ కోపాలు సాయంత్రం టీతో చల్లారేవి. ఈసారి వచ్చింది అలాంటిది కాదు.

సొంతూరు రాళ్లదిన్నెలో చర్చి వెనక ఎకరన్నర సమాధుల దొడ్డి ఉంది. కూలీనాలీ జనం, రాళ్లు పాతించే స్తోమత యాడిది? అన్నీ మట్టి దిబ్బలే. సమాధుల పండక్కి సున్నం చల్లుతారు, మొదటి వానకు అది పోతుంది. విశ్వాసమ్మ అమ్మానాన్నలు కూడా ఆ దిబ్బల కిందే ఉన్నారు. కొత్తగా కొలతలు వేసిన మండల ఆఫీసు ఆ దొడ్డిని ‘ఖాళీ జాగా’ అని రాసి, గోడౌను కట్టడానికి ఎంచింది. అభ్యంతరముంటే నెల తర్వాత సోమవారం జరిగే విచారణలోగా సమాధుల రిజిస్టరును తమ వెబ్‌సైటులో ఎక్కించమంది. కాగితం రిజిస్టరు చెదలకు ఎప్పుడో ఆహారమైపోయింది. మిగిలింది చర్చి కోసం విశ్వాసమ్మ ఎప్పుడో కొట్టి తన కంప్యూటర్లో దాచినదొక్కటే.

అదీ పాతకాలపు ఫాంటులో కొట్టింది. ఆ ఫాంటు లేని చోట ఒక్క తెలుగు అక్షరం కనబడదు. అందుకని ఆమె మూడు వారాలు కూర్చుని, నాలుగు వందల పన్నెండు పేర్లనూ ఏ ఫోనులోనైనా చదవగలిగే యూనికోడులోకి మార్చి ఎక్కించింది. తన కంప్యూటర్లో ముత్యాల్లా ఉన్నాయి. ఆఫీసు సైటులో తెరిస్తే నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు, పిచ్చి గీతలు.

ఆఫీసులో గుమాస్తా మహానంది తెర చూపించి నవ్వాడు. “ఏముండాది తల్లీ ఈడ? మనుషుల పేర్లా, మంత్రాలా? పేర్లు లేకుంటే ఖాళీ కిందే లెక్క.”

“పేర్లు కనబడకుంటే మనుషులే లేరంటావా? నీకు కండ్లు లేవని మా అమ్మను మాయం జేస్తావా?” అని అక్కడే అరిచేసి, మర్నాడే కర్నూలు బస్సెక్కింది.

అక్కడి జిల్లా ఆఫీసులో ఆ సైటును చూసుకునే కుర్చీలో ఉమామహేశ్వర అనే ఇంజనీరున్నాడు. “తప్పు మీ ఫైల్లోనే అక్కా. ఇంతవరకూ ఎవ్వురూ కంప్లైంట్ ఇయ్యలే. ఇంగ్లీషులో కొట్టి పంపీ, పోతాది” అన్నాడు.

“మా నాయన ఇంగ్లీషులో సచ్చిపోలేదప్పా. సర్వరు సెట్టింగులు తెరువు, నా ముందర తెరువు.”

తెరిచాడు, వదిలించుకుందామనే. ఆమె వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది. నాలుగో వరసలో దొరికింది దొంగ. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టికలు వేర్వేరుగా ఉంటాయి. వచ్చిన ప్రతి ఫైలునూ పాత ఇంగ్లీషు పట్టికలో రాసిందిగా భావించి యూనికోడులోకి మార్చి పంపమని ఆ వరస సర్వరుకు చెబుతోంది. అప్పటికే యూనికోడులో ఉన్న తెలుగును అది మళ్లీ మార్చి నుజ్జునుజ్జు చేస్తోంది.

“ఇది ఎన్నేండ్ల నుంచి ఉండాది?”

“ఆరేండ్లు...” అని ఉమామహేశ్వర తల గోక్కున్నాడు.

ఆరేళ్లు! తెలుగు ప్రజల కోసం తెలుగు గడ్డ మీద పెట్టిన సైటు ఆరేళ్లలో ఒక్క తెలుగు అక్షరం పంపలేదు. ఎవరికీ తెలియలేదు కూడా. ఎలా తెలుస్తుంది? ఆఫీసువాళ్లు ఏదైనా ప్రింటు తీసి, సంతకం గీకి, ముద్ర గుద్ది, స్కాన్ చేసి బొమ్మగా ఎక్కిస్తారు. బొమ్మకు పట్టికతో పనేముంది? రిజిస్టరు మాత్రం వెతికితే దొరికే అక్షరాల్లో ఉండాలని రూలు రాసిందీ వాళ్లే. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అన్నట్టు, వాళ్ల తప్పు ఆరేళ్లు తప్పే కాలేదు. మట్టి కింద పడుకున్న వాళ్ల మీదికి మాత్రం గోడౌనై వచ్చింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“మా ఫైలున్న ఫోల్డరుకు ఆ మార్పిడి ఆపు. ఇది యూనికోడని చెప్పి పంపమను. రెండు వరసలప్పా, రెండు!”

ఉమామహేశ్వర కొట్టాడు. సర్వరును ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. పేజీ తెరుచుకుంది. మొదటి వరసలో గోపన్న, తండ్రి ఏసన్న. విశ్వాసమ్మ నవ్వలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని బస్సుకు పోయింది.

సోమవారం విచారణకు ఊరంతా వచ్చింది. అధికారి తెరలో మొదటి పేరు చూసి, నమ్మకం లేని గొంతుతో చదివాడు. “గోపన్న, తండ్రి ఏసన్న.”

వెనక వరసలోంచి దీవెనమ్మ అనే ముసలామె కర్ర ఊనుకుంటూ లేచింది. “మా ఆయప్పే సార్. గోడ పక్కన మూడో దిబ్బ.”

రెండో పేరుకు ఇంకొకరు లేచారు. మూడో పేరుకు ఏకంగా ఒక కుటుంబమే లేచి నిలబడింది. ఎనిమిదో పేరు దగ్గర అధికారి అద్దాలు తీసి, “చాలమ్మా, చాలు. ఖాళీ అన్న మాట కొట్టేస్తాండా” అని పెన్ను అందుకున్నాడు.

విశ్వాసమ్మ బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“చాలదు సార్. ఖాళీ అని రాసేటప్పుడు ఒక్క పేరూ సదవలేదు గదా. ఇప్పుడు నాలుగు వందల పన్నెండూ సదవండి. మేమంతా ఈడే ఉంటాం.”

ఎవరూ కూర్చోలేదు. అధికారి జనాన్ని చూశాడు, తలుపు వైపు చూశాడు. అద్దాలు మళ్లీ పెట్టుకుని తొమ్మిదో పేరు చదివాడు.