బూట్లలో తాళంచెవి

ఈ సాయంత్రం పాప బట్టల అల్మారా పక్కకు జరిపితే గోడకు నాలుగు బోల్టు రంధ్రాల ఆనవాళ్లు కనిపించాయి. పుట్టీ పెట్టి రంగు వేశాం కానీ, మా టౌరంగా ఊళ్లో ఎండ వాలుగా పడినప్పుడు అవి పైకి తేలతాయి. మూడేళ్ల కిందట అక్కడొక ఇనుప బీరువా, అందులో రెండు పాత తుపాకులు ఉండేవి.

అవి పక్కింటి పెద్దాయనవి; ఈ దేశంలోనే పుట్టి పెరిగిన కివీ. ఆయన తండ్రి జింకల వేటకు వాడినవి. మా ఆయనకు వేట సరదా అంటించింది ఆ పెద్దాయనే. లైసెన్సు ఇచ్చే ముందు ఒక పోలీసావిడ ఇంటికొచ్చి, నన్ను విడిగా కూర్చోబెట్టి, ఇంట్లో తుపాకీ ఉంటే మీకేమైనా భయమా అని అడిగింది. టీ ఇచ్చి, లేదన్నాను. పరాయివాళ్ల ముందు మొగుడి మాట కాదనడం నాకు అలవాటు లేదు. ఆ ఏడాదే పెద్దాయన కూతురింటికి మారిపోతూ, కాగితాలు రాసి మరీ ఆ రెండింటినీ మా ఆయన చేతిలో పెట్టాడు.

ఊళ్లో తుపాకుల దుకాణం యజమాని వాటిని చూసి ముచ్చటపడ్డాడు. రెండూ ఇచ్చేస్తే మారుగా ఒక కొత్త రైఫిల్ ఇస్తానన్నాడు. ఇవ్వాలా, ఉంచుకోవాలా అని మా ఆయన వారమంతా తర్జనభర్జన పడ్డాడు. ఎటు తేలినా బీరువా ఖాళీ కాదన్నదే నా దిగులు. పైగా లైసెన్సు లేని నాకు దాని తాళంచెవి ఎక్కడుందో తెలియకూడదట.

"బంగారం తాళాలు నా చేతుల పెట్టినవ్. ఇది మాత్రం దాస్తవా?"

"నేను పెట్టిన రూలా అది? నువ్వు ఊకె పరేషాన్ గాకు."

కొన్నాక ఒక్కసారీ తొడగని తన జిమ్ బూట్లలో దాచాడని తర్వాత తెలిసింది. తనే ముట్టనివాటిని ఇంకెవరు ముడతారని ధీమా.

నాలుగేళ్ల పాప ముట్టింది. ఆ శనివారం నేను పప్పుకు తాలింపు వేస్తుంటే, నాన్న బూట్లు తొడుక్కుని ఇల్లంతా టపటపా తిరుగుతోంది. నవ్వుకున్నాను. ఆ చప్పుడు వెనక గదిదాకా వెళ్లి ఆగిపోయింది. ఎందుకు ఆగిందా అని వెళ్లి చూస్తే, చంకలో బొమ్మ ఇరికించుకుని, బీరువా తాళంలో చెవి పెట్టి తిప్పుతోంది.

"మమ్మీ, ఇట్స్ స్టక్," అంది, వచ్చి సాయం చేయమన్నట్టు.

"ఇటియ్యి బంగారం," అన్నాను. ఆ గొంతు నాది కాదు. వంటింట్లో తాలింపు మాడిన వాసన.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి కూర్చుంటే కంచంలో ఆ తాళంచెవి పెట్టాను.

"ఇదెక్కడిది?"

"నీ బిడ్డనడుగు."

అన్నం ముట్టకుండా లేచి, పెద్దాయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. "మా కూతురు పసిపిల్లలున్న ఇంట్లో అవి వద్దంది. అందుకే నీకిచ్చాను," అన్నాడు పెద్దాయన తన ఇంగ్లీషులో. "మీకూ పాప ఉందని తెలిసే ఇచ్చాను. తప్పు నాదే."

ఫోన్ పెట్టేశాక మా ఆయన నా వైపు చూడలేదు. నేనూ తల ఎత్తలేదు. పోలీసావిడకిచ్చిన టీ గుర్తొచ్చింది. సోమవారం రెండు తుపాకులూ దుకాణంలో ఇచ్చేసి, మారుగా రైఫిల్ తీసుకోకుండా వచ్చి, మా ఆయన బీరువా బోల్టులు విప్పాడు.

పాపకు అదేదీ గుర్తులేదు. అప్పటినుంచి దానికి ఐదు జతల బూట్లు చిన్నవైపోయాయి. ఆ పెద్ద బూట్ల చప్పుడు మాత్రం నాకు ఇంకా ఆ వెనక గదిలోనే ఆగి ఉంది.