హొగేనక్కల్ పందెం, ధర్మపురి ఆస్పత్రి

ట్రయత్లాన్ అనే మాట నేను మొదటిసారి విన్నది ఎనభైల నడుమ. అప్పటికి పలమనేరు బడిలో డ్రిల్లు మాస్టారుగా పదకొండేళ్ళు గడిచాయి. బెంగుళూరు నుంచి పాత స్నేహితుడొకడు కరపత్రం పంపాడు. హొగేనక్కల్ దగ్గర కావేరిలో అర కిలోమీటరు ఈత, అక్కణ్ణుంచి పెన్నాగరం దాకా సైకిలు మీద పోయి రావడం, ఆపైన ఐదు కిలోమీటర్ల పరుగు. మధ్యలో విశ్రాంతి లేదు. నేను బావిలో ఈత నేర్చినవాణ్ణి, రోజూ సైకిలు తొక్కేవాణ్ణి. కానీ పిల్లలకు పందేలు పెట్టి విజిలు ఊదడమే తప్ప నేనే పందెంలో దిగి ఎన్నో ఏళ్ళయింది. ముప్పై ఎనిమిదో ఏట, ఒక్కసారైనా మళ్ళీ గెలిచేవాళ్ళ వరసలో నిలబడాలనిపించింది.

శనివారం ఉదయం ఐదున్నర బస్సుకు బయలుదేరాను. సైకిలును బస్సు పైన తాళ్ళతో కట్టించి, కుప్పంలో ఒకసారి, కృష్ణగిరిలో ఒకసారి దింపి ఎక్కించుకున్నాను. ఈ దారిన సైకిలుతో పోయేవాళ్ళు కృష్ణగిరిలో ఎక్స్‌ప్రెస్ బస్సుల కోసం చూడవద్దు. వాళ్ళు పైన సామాను వేసుకోరు. టౌను బస్సువాళ్ళే నయం.

కృష్ణగిరి నుంచి నా పక్కన కూర్చున్నాయన హరూర్‌లో చింతపండు వ్యాపారి. కండక్టరుతో తమిళంలో మాట్లాడినవాడు, నా చేతిలో తెలుగు పేపరు చూసి తెలుగులోకి దిగాడు. ఇంట్లో తెలుగేనట, తాతముత్తాతల నాటి నుంచి ఇక్కడేనట, చదవడం మాత్రం ఎవరికీ రాదట. నేను పోతున్న పని చెబితే కాసేపు ఆలోచించాడు.

“ఈదేది, తొక్కేది, మళ్ళా పరిగెత్తేది. ఎవురు తరుముతారని సామీ?”

నవ్వాను. పన్నెండుకు ధర్మపురి చేరాం. బస్టాండు ఎదురుగా మెస్సులో సాంబారన్నం తిని, రెండింటికి పెన్నాగరం మీదుగా హొగేనక్కల్ పోయే బస్సెక్కాను. పెన్నాగరం దాటాక అడవి మొదలై, రోడ్డు మలుపులు తిరుగుతూ కిందికి దిగుతుంది. రేపు ఎక్కి దిగాల్సింది ఇదే కనుక కిటికీలోంచి ఒక్కొక్క మలుపునే లెక్కబెట్టుకున్నాను. రోడ్డు వారన కట్టెల మోపులతో నడుస్తున్న ఆడవాళ్ళను కూడా చూశాను. చూశానని ఇక్కడ రాయకపోతే అబద్ధమవుతుంది.

నాలుగింటికి ఊరు చేరాను. ఎటు చూసినా చేపలు వేయించే వాసన, నూనె సీసాలు పట్టుకుని ఒళ్ళు పడతామని వెంటబడేవాళ్ళు. గడియ సరిగ్గా పడని గది ఒకటి దొరికింది. ఎనిమిదికే పడుకున్నాను.

ఆదివారం ఏడింటికి పందెం. ఇరవై ముగ్గురం. జలపాతానికి బాగా ఎగువన, నీళ్ళు నిదానంగా ఉన్నచోట పుట్టీలు, అంటే గుండ్రటి బుట్టపడవలు, వరసగా నిలిపి హద్దు కట్టారు. నీళ్ళు చల్లగా, బురదగా ఉన్నాయి. ఎవరి మోచెయ్యో ముక్కుకు తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుగంటల పద్దెనిమిది నిమిషాలకు ఒడ్డెక్కేసరికి నాకంటే ముందు పన్నెండు మంది ఉన్నారు.

ఎక్కుడు నాకు కలిసొచ్చింది. బెంగుళూరు కుర్రవాళ్ళ గేర్ల సైకిళ్ళను కూడా ఒకటొకటిగా దాటాను. పెన్నాగరంలో చేతి మీద ముద్ర వేయించుకుని వెనక్కి తిరిగేటప్పటికి నాది ఐదో స్థానం. టైము ఎనిమిదిన్నర దాటింది. దిగుడులో నాలుగోవాడి ఎర్ర బనీను కనిపించింది. మలుపు దగ్గర వాణ్ణి దాటాలని కుడివైపుకు తిప్పాను. ఆ వైపు నుంచే ఇద్దరు ఆడవాళ్ళు కట్టెల మోపులతో ఎక్కి వస్తున్నారు.

ముందున్న ముసలామెకు తగిలాను. నేను పడి, కొంత దూరం జారి లేచాను. మోకాలు చీరుకుంది, హ్యాండిలు వంకర పోయింది. ఆమె మోపు కింద ఒక కాలు మడత పడి, రోడ్డు అంచున ఉంది. వెనకామె తన మోపు పడేసి, ఆమె దగ్గర కూర్చుని, నా వైపు తిరిగింది.

“నిలు సామీ. మా అత్త లేయలేదు. నిలు.”

తెలుగులో అంది. తమిళంలో అని ఉంటే నాకు అర్థం కాలేదని తర్వాత చెప్పుకునేవాణ్ణేమో. ముందు చక్రాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని హ్యాండిలు సరిచేశాను. కింద పందెంవాళ్ళ జీపు ఉంది, చెప్పి పంపుతానని మనసులో అనుకున్నాను. పైకి ఒక్క మాటా అనలేదు. సైకిలెక్కి వెళ్ళిపోయాను.

కింద జీపు ఉంది. దాని పక్కన కట్టు గుడ్డలూ మందులూ పెట్టుకుని ఒకాయన స్టూలు మీద కూర్చున్నాడు. నా మోకాలు చూసి లేచాడు. వద్దని చెయ్యి ఊపి, సైకిలు పడేసి పరుగు మొదలుపెట్టాను. చెబితే ఆపేస్తారు, ఐదు కిలోమీటర్లేగా, అయ్యాక చెబుతాను అనుకున్నాను. ఆ పరుగులో ఏం చూశానో, ఎర్ర బనీనువాణ్ణి ఎక్కడ దాటానో ఏమీ గుర్తులేదు. నాలుగోవాడిగా గీత దాటాను. ఎవరో భుజం తట్టారు. అప్పుడు చెప్పాను.

నిర్వాహకుడు పెద్దమనిషి. నన్ను తిట్టలేదు. ఎంతసేపయిందని మాత్రం అడిగాడు. అరగంట పైనే అన్నాను. ఆయన నా ముఖం చూడకుండా డ్రైవరును పిలిచాడు.

జీపులో నేనూ వెళ్ళాను. మలుపులో కట్టెలు చెల్లాచెదురుగా ఉన్నాయి, మనుషులు లేరు. పెన్నాగరం ఆస్పత్రిలో అడిగితే, కట్టెల లారీలో ఒక ముసలామెను తెచ్చారనీ, ఇక్కడ కుదరక ధర్మపురి పంపేశామనీ కాంపౌండరు చెప్పాడు. జీపు వెనక్కి పోయింది. పన్నెండింటి బస్సుకు నేను ధర్మపురి వచ్చాను, చెమట ఆరిన బనీనుతోనే.

పెద్దాస్పత్రి వరండాలో ఆ కోడలు నిలబడి ఉంది. పేరు మునెమ్మ అని తర్వాత తెలిసింది. నన్ను చూడగానే పోల్చుకుంది.

“నిలు అంటి కదా. నీకు ఇనబడలేదా?”

“వినబడింది.”

“తెలిసిందా?”

“తెలిసింది.”

ఆమె తలుపు వైపు తిరిగింది. అరిచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. లోపల అత్తను ఎక్స్‌రే గదికి తీసుకుపోవడానికి మనిషి దొరక్క అప్పటికి గంట నుంచి ఎదురుచూస్తున్నారు. తల వైపు నేను, కాళ్ళ వైపు మునెమ్మ పట్టుకుని స్ట్రెచరు మీదికి ఎత్తాం. ముసలామెలో బరువే లేదు. నొప్పికి ఆమె నా చొక్కా లేని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. ఈ వయసులో అతకడం కష్టం, మళ్ళీ నడిచినా కర్ర మీదే అన్నాడు డాక్టరు. లారీ దొరికేదాకా అరగంటకు పైగా రోడ్డు మీదే ఉన్నారని, ఎత్తి వెయ్యడంలో ఎముక ఇంకా కదిలిందని మునెమ్మ చెప్పింది. ఆ అరగంటలో జీపు స్టూలు పక్కన ఖాళీగా నిలబడి ఉంది. అక్కడ ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

సూది మందు పడ్డాక ముసలామె కాస్త తేరుకుని మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది. నా మాట విని, నాది ఏ ఊరని అడిగింది. పలమనేరు అన్నాను. తెలుగువాడు వచ్చి పట్టుకున్నాడని ఆమెకు సంతోషమయింది.

“ఆ సైకిలాయనకూ దెబ్బ తగిలుంటుంది నాయనా. రత్తము కారతా ఉండె. యాడ పడిపోయినాడో.”

మునెమ్మ తల తిప్పుకుని కిటికీలోంచి చూసింది. చెప్పడమా మానడమా అన్నది పూర్తిగా నాకే వదిలేసింది.

“ఆ సైకిలాయన నేనే అవ్వా” అన్నాను.

ఆమె నన్ను చూసింది. తర్వాత నా చేతిమీంచి తన చెయ్యి తీసేసుకుని దుప్పటి కిందికి పెట్టుకుంది.

ముసలామె కొడుకు బెంగుళూరులో మేస్త్రీ కింద కూలి. ఉత్తరం రాసి పెడతానంటే, ఆయనకు తెలుగు చదవను రాదు, అరవమే అంది మునెమ్మ. పక్క మంచం వాళ్ళ బంధువు చేత తమిళంలో రాయించి, నేను పోస్టు చేసి వచ్చాను. ఆ సాయంత్రం పోలీసు స్టేషనుకు పోయి జరిగింది చెప్పాను. నా పేరూ బడి చిరునామా రాసుకున్నారు, అవసరమైతే పిలుస్తామన్నారు. ఎప్పుడూ పిలవలేదు.

సోమవారం ఏడున్నరకు మళ్ళీ ఆస్పత్రికి పోయాను. నిద్రపోతోంది అంది మునెమ్మ, వార్డు గుమ్మంలోంచి పక్కకు జరగకుండా. ఇడ్లీ పొట్లం ఆమె చేతికిచ్చి బస్టాండుకు వచ్చాను. సైకిలు తెప్పించుకోవడానికి మళ్ళీ హొగేనక్కల్ పోలేదు. దాన్ని నెల తర్వాత బెంగుళూరు స్నేహితుడు కుప్పం దాకా రైల్లో వేసి పంపాడు. కృష్ణగిరి బస్సులో చోటు దొరికింది. దారి పొడవునా మామిడితోటలు, ఎండ. బడిలో పిల్లలు ఎన్నోవాడివి సార్ అని అడుగుతారు, ఏం చెప్పాలా అనే ఆలోచించాను. నాలుగు అనే చెప్పాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు.

హొగేనక్కల్ చూడదగ్గ చోటే. పుట్టి ఎక్కండి, చేపలు తినండి. పెన్నాగరం దాటాక సైకిలు మీద గానీ మోటారు మీద గానీ దిగేవాళ్ళు మాత్రం బ్రేకు మీద చెయ్యి తియ్యకండి. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య ఆ కుడివైపు అంచునే ఆడవాళ్ళు కట్టెలతో ఎక్కి వస్తారు. మోపు బరువుకు వాళ్ళు తల ఎత్తి చూడలేరు. చూడాల్సింది మనమే.