మెసైమీర్‌లో తొకాయి, తోడుగా కజ్జికాయలు

తొంభైల నడుమ నేను దోహాలో డిజైన్ ఇంజనీరుగా ఉన్నప్పుడు, మా ఆఫీసులో లాస్లో అనే హంగేరీ సర్వేయర్ ఉండేవాడు. ఉద్యోగం ముగించుకుని ఆ శనివారమే ఇంటికి వెళ్లిపోతున్నాడు. తమ ప్రాంతంలో చేసే తొకాయి అనే తీపి వైన్ ఒక్క సీసా అక్కడ మద్యం కొనడానికి ఇచ్చే పర్మిట్ మీద సంపాదించి, ఏడాదిగా దాచాడు. మా ఊరెలా ఉంటుందని ఎన్నిసార్లో అడిగావు, వచ్చి రుచి చూసి తెలుసుకో అన్నాడు. అప్పటిదాకా నేను వైన్ ముట్టలేదు. అయినా ఆ పిలుపు కాదనలేకపోయాను.

ఆయన ప్రయాణానికి రెండు రోజుల ముందు, గురువారం సాయంత్రం ఆరింటికి మేముండే అల్ సద్‌లో టాక్సీ ఎక్కాను. లాస్లో ఉండే మెసైమీర్‌కు ఇరవై నిమిషాలు, పన్నెండు రియాళ్లు. డ్రైవర్ యూసుఫ్ భాయ్‌ది కరీంనగర్ పక్క. ఎందుకు వెళ్తున్నానో దాచకుండా చెప్పాను. ఆయన తాగడు, తాగేవాళ్లకు నీతులూ చెప్పడు.

“తాగినంక రోడ్డు మీద తిరగకుండ్రి సార్. ఎనిమిదిన్నరకు నేనే వస్త, గేటు లోపల్నే ఉండుండ్రి,” అన్నాడు.

ఉత్తచేతులతో ఒకరింటికి వెళ్లడం మనకు అలవాటు లేదు కదా. మా ఆవిడ డబ్బా నిండా కజ్జికాయలు, ఓ పొట్లంలో జంతికలు ఇచ్చింది. లాస్లో అర లీటరు సీసా తీసి, చిన్న గ్లాసుల్లో చల్లగా పోశాడు. పలచటి తేనె రంగు. ముందు నోరు తీపి చేసుకుందామని నేనే ఆయన చేతిలో కజ్జికాయ పెట్టాను. మర్యాదకు తిన్నాడు, నేనూ తిన్నాను. ఆ పైన వైన్ గుటకేస్తే ఏముంది, తీపి జాడే లేదు, ఒట్టి పులుపు. పైగా “చాలా బాగుంది” అన్నాను. ఆయన తనూ ఒక గుటక వేసి, గ్లాసు పక్కన పెట్టేశాడు. ఏడాది దాచుకున్న సీసా నాలాంటివాడి మీద వృథా అవుతోందనిపించింది. సిగ్గేసింది.

“అబద్ధం చెప్పాను లాస్లో. నాకు పుల్లగా ఉంది,” అనేశాను.

తనకూ అంతేనన్నాడు. వైన్ కంటే తీపైనది ముందు తింటే దాని తీపి తెలియదట. ప్రేమగా తెచ్చినవాణ్ణి వద్దనలేకపోయాడట. మంచినీళ్లతో పుక్కిలించి, జంతికలు నమిలి, పావుగంట ఆగాం. ఈసారి వాసన చూసి, ఒక్క గుటక నాలుక మీద నిలిపాను. ఎండు ఆప్రికాట్, తేనె, మింగాక నిమ్మచెక్క నాకినంత పులుపు. ఇంకొంచెం కావాలనిపించింది. బాగుందన్నాను.

“ఇప్పుడు నమ్ముతాను,” అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

లాస్లోను మళ్లీ కలవలేదు. ఆ మొదటి పొగడ్తతోనే సరిపెట్టి లేచి వచ్చేసి ఉంటే, తన ఊరి రుచి నాకు అందలేదన్న వెలితితోనే ఆయన విమానం ఎక్కేవాడు. మీరు దోహా వెళ్లేటట్టయితే ఇప్పటి పర్మిట్ రూల్స్ కనుక్కునే వెళ్లండి. ఎవరైనా తొకాయి పోస్తే, నచ్చకపోతే మొదటి గ్లాసుకే చెప్పేయండి. సీసాలో ఇంకా మిగిలే ఉంటుంది.