పీలా పుంజుకు రెండు పొదుగులు

1963 జూన్‌లో నన్ను ఏలూరు నుంచి హైదరాబాదుకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పని మాత్రం ఆవులూ గేదెలది కాదు, కోళ్ళది. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం మీద ఉన్న రెండు గదులే మా సెక్షన్. నేనుండే కిరాయి గది నాంపల్లిలో. పొద్దున్నే నడిచి వెళ్ళి, సాయంత్రం నడిచి వచ్చేవాణ్ణి. ఏలూరులో ఎడ్లకు కుట్లు వేసిన చేతులతో కోడి రెక్కలు విప్పి చూడవలసి రావడం మొదట్లో నాకు చిన్నతనంగానే ఉండేది.

ఆ ఏడాది మా సెక్షన్‌కు అప్పగించిన పని ఇది. అసీల్ జాతి, అంటే మా కోస్తావాళ్ళు పందెం కోడి అని పిలిచే పాత జాతి, నానా రకాల సంకరాలతో పలచబడిపోతోంది. శుద్ధమైన పుంజును ఒకదాన్ని ఎంచి సర్కారు ఫారంలో పెట్టాలి. దాని గుడ్లను పల్లెలకు పంచాలి. జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కోళ్ళ ప్రదర్శన ఉంటుంది. అంతకు ముందే పెంపకందార్ల ఇళ్ళకు వెళ్ళి పుంజుల్ని పరీక్షించి ఒక పేరు సిఫారసు చేయవలసినవాణ్ణి నేను.

పరీక్షించడానికి నా దగ్గర స్టాండర్డ్ అనే కాగితం ఉండేది. అసలైన అసీల్ ఎలా ఉండాలో అందులో అంగాంగానికీ రాసి ఉంటుంది, మార్కులు మొత్తం వంద. నిలువు ఛాతీ, పొట్టి లావు ముక్కు, ముత్యంలాంటి తెల్ల కన్ను, ఒంటికి అతుక్కున్న గట్టి ఈక, ఇలా సాగుతుంది. అన్నిటికంటే పెద్ద షరతు నెత్తిన ఉండే ఎర్రటి కండ జుట్టు. అసీల్ జుట్టు బఠానీ గింజలు మూడు వరసలు పేర్చినట్టు అణిగి ఉండాలి. మామూలు నాటుకోడికి ఉన్నట్టు రంపం పళ్ళలా నిలబడిందా, మిగతా మార్కులు ఎన్ని వచ్చినా ఆ కోడి పనికిరాదు.

అక్టోబరులో నాంపల్లి స్టేషను వెనక సందులో మల్లయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన స్టేషనులో మూటలు మోసే హమాలీ. ఇంటి ముందు తాటాకు పందిరి కింద ఆయన పుంజు నిలబడి ఉంది. ఇక్కడివాళ్ళు పీలా అనే రంగు, పండిన చింతపండు మీద ఎండ పడ్డట్టు ఉంటుంది. అది నన్ను చూసి బెదరలేదు, అరవలేదు. మెడ నిటారుగా ఎత్తి, నేను ఎవరి తాలూకో అడుగుతున్నట్టు చూసింది. నా పెన్సిల్ కాసేపు కదల్లేదు. అప్పటికి నలభై ఇళ్ళ పుంజుల్ని చూసి ఉన్నాను, ఇలాంటిది ఒక్కటీ లేదు. తొంభై రెండు మార్కులు వేశాను. అంతకు మించి వేస్తే పైవాళ్ళు నన్ను అనుమానిస్తారని ఆగాను.

మల్లయ్యకు చదువు రాదు. ముప్ఫై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతున్నాడు, ఒక్కసారైనా మైదానంలో తన పుంజు మెడలో మొదటి బహుమతి రిబ్బను చూడాలని కోరిక. ఆ మాట చెప్పేటప్పుడు అంత మనిషీ సిగ్గుపడ్డాడు. నేను సిఫారసు రాశాను, మా డిప్యూటీ డైరెక్టరు ఆమోదించారు. నవంబరు ఆఖరులో ఫారం వ్యాను వచ్చి పుంజును తీసుకెళ్ళడం, జనవరిలో సర్కారు తరఫునే అది ప్రదర్శనకు రావడం అని ఖాయమైంది.

అక్టోబరు చివర్లో ఊరికే చూసి పోదామని వెళ్ళాను. పందిరి కింద నా తొంభై రెండు మార్కుల పుంజు నాలుగు బజారు పెట్టలతో కలిసి గింజలు ఏరుకుంటోంది. నాలుగింటికీ రంపం జుట్టే. నాకు ముక్కు మీద కోపం, ఏలూరులోనూ ఆ పేరే ఉండేది. అరికాలి మంట నెత్తికెక్కింది. జాతి పుంజును ఎవరైనా ఇలా గంగలో కలుపుతారా, నీ పేరు ఇప్పుడే కొట్టేస్తానని మల్లయ్య మీద విరుచుకుపడ్డాను. ఆయన తలవంచుకుని, ఆ సంగతి తనది కాదనీ, పుంజును పోటీకి తయారు చేయడం వరకే తన పని అనీ, ఏ పెట్టతో కలపాలన్నది ఆడవాళ్ళదనీ నసిగాడు.

అప్పుడు ఆయన భార్య యాదమ్మ చాటలో నూకలు చెరుగుతూ బయటికి వచ్చింది. నా కేకలు ఆమెకు గాలికి పోయినట్టున్నాయి. చాట కింద పెట్టి చెప్పింది:

"జాతి పెట్టతోని కూడితే పుంజులున్న తప్పు కడుపులనే దాక్కుంటది సారు. పిల్లలన్ని మంచిగనే కనవడ్తయి. గీ రంపం పెట్టతోని కలిపితే దాగనీకి జాగ దొర్కదు, బయటవడ్తది. మా అత్త గిట్లనే సూసేది. రెండు పొదుగుల పిల్లలు సూసినంకనే పుంజును ఇత్తనానికి ఇడిసేది."

ఆ పిల్లల్ని ఏం చేస్తారని అడిగాను. జాతిలో కలిపేది లేదు, కూరకే అంది. పెట్టల్ని కూడా పదిహేను రోజుల ముందే వేరే గంప కింద పెట్టిందట, వెనకటి పుంజు తాలూకు గుడ్లు అయిపోయేదాకా. నేను పుస్తకం మూసి వచ్చేశాను.

ఆబిడ్స్ చేరాను గానీ ఆఫీసు మెట్లు ఎక్కలేదు. కింద ఇరానీ హోటల్లో చాయ్ చెప్పి, జేబులో ఉన్న కాగితం వెనక గళ్ళు గీశాను. కాలేజీలో రెండో ఏడాది చదివిన పాఠం. పుంజులో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లక్షణాలుంటాయి. అణిగిన జుట్టు బలమైనది, రంపం జుట్టు దాని చాటున ఎన్ని తరాలైనా నక్కి ఉండగలదు. దాన్ని బయటికి లాగడానికి ఒకే దారి, రంపం జుట్టు పెట్టతో కలపడం. తప్పు ఉంటే పిల్లల్లో సగానికి రంపం తేలుతుంది. ఆ ప్రశ్నకు జవాబు రాసి నేను ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. పరీక్ష హాల్లోంచి బయటికి వచ్చాక నలభై పుంజులకు మార్కులు వేసినా అది ఒక్కసారి గుర్తుకు రాలేదు. బడి ముఖం చూడని మనిషి, ఆమెకు ముందు ఆమె అత్త, ఆ ముందు ఇంకెవరో, గంపలూ గుడ్లతోనే దాన్ని పట్టుకున్నారు. చాయ్ చల్లారిపోతే రెండోది చెప్పాను.

నవంబరు మూడో వారంలో మొదటి పొదుగు దిగింది. పదకొండు గుడ్లు పెడితే ఏడింటిని పందికొక్కు తినిపోయింది. మిగిలినవి నాలుగు పిల్లలు. యాదమ్మ ఒక్కొక్కదాన్ని అరచేతిలో పట్టుకుని, బొటనవేలితో నెత్తి మీద ముక్కు నుంచి వెనక్కి మెల్లగా రాసింది. ఒక్కరోజు వయసు పిల్లకు జుట్టు కంటికి సరిగా ఆనదు, వేలికి తెలుస్తుంది. అణిగినదైతే వెడల్పుగా, మెత్తని గట్టులా తగులుతుంది. రంపమైతే సన్నగా, దారంలా గీసుకుంటుంది. నాకూ చేతికిచ్చి నేర్పింది. నాలుగూ వెడల్పే.

నా ఆనందం ఇంతా అంతా కాదు. వ్యాను వచ్చేది మరుసటి వారమే. ఇక చాలు, పుంజు నిప్పులాంటిదని తేలిపోయింది, పంపించేయమన్నాను. మల్లయ్య అప్పటికే పుంజుకు నూనె రాసి తుడవడం మొదలుపెట్టాడు. యాదమ్మ ఒప్పుకోలేదు. రెండు పొదుగులంటే రెండు పొదుగులే. నేను వాదించాను, బతిమాలాను, ఫారంవాళ్ళ ముందు నా మాట పోతుందన్నాను. చివరికి ఆమె, ఒక నెల ఆగితే పోయేది మీ మాటే కదా సారు, అంది. కోపం వచ్చింది గానీ, నాలుగు పిల్లలు చాలవని నాకు తెలుసు, నాణెం ఎగరేస్తే నాలుగుసార్లూ బొమ్మే పడవచ్చు. వ్యానును డిసెంబరు ఆఖరుకు వాయిదా వేయమని రాశాను. మాటలు పడ్డాను.

డిసెంబరు మధ్యలో రెండో పొదుగు. ఈసారి తొమ్మిది పిల్లలు. మల్లయ్య స్టేషనుకు పోకుండా గడపలో కూర్చున్నాడు. యాదమ్మ మొదటి పిల్లను తడిమి చాటలో వదిలింది. రెండోది వదిలింది. మూడోదాని నెత్తి మీద ఆమె వేలు ఆగింది. ఇంకొకసారి రాసి నా చేతికిచ్చింది. సన్నగా, దారంలా తగిలింది. తొమ్మిదింట్లో అలాంటివి నాలుగు.

మల్లయ్యే ముందు నోరు విప్పాడు. పోటీల పిల్లలను సూడరు గదా, పుంజునే గదా సూసేది, దాని జుట్టు మంచిగనే ఉన్నది గదా అన్నాడు. నన్ను చూస్తూ అన్నాడు. ఆయన మాట నిజం. స్టాండర్డ్ ప్రకారం ఆ పుంజుకు ఏ లోపమూ లేదు. మొదటి బహుమతి దానిదే. నేను నోరు మూసుకుంటే డిప్యూటీ డైరెక్టరూ సంతోషిస్తారు, మల్లయ్యకూ రిబ్బను దక్కుతుంది. దాని పిల్లల్లోనూ ఆ రంపం కంటికి కనబడకుండా వందల పల్లెలకు చేరుతుంది. బయటపడేనాటికి నేను ఏ జిల్లాలో ఉంటానో ఎవరికి తెలుసు? ఈ లెక్కంతా నా మనసులో జరిగింది, దాచడం ఎందుకు.

యాదమ్మ భర్త వైపు కాదు, నా వైపు తిరిగింది. "మీ కాయితం కోడిని సూస్తది సారు. నేను దాని పిల్లలను సూస్తా. రాసేటిది మీరు, మీ ఇష్టం. మా ఇంట్ల అయితే ఇది ఇత్తనానికి పోదు."

మల్లయ్య లేచి పుంజును ఒళ్ళోకి తీసుకున్నాడు. దాని మెడ నిమురుతూ ఏడ్చాడు. అరవై ఏళ్ళ హమాలీ అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఆమె కొంగుతో ఆయన ముఖం తుడిచింది గానీ మాట మార్చలేదు.

సిఫారసు రద్దు చేయమని ఆ సాయంత్రమే రాశాను. వివరణ అడుగుతూ మెమో వచ్చింది. డిప్యూటీ డైరెక్టరు చదువుకున్న మనిషే. నేను గళ్ళు గీసి చూపిస్తే, థియరీ నాక్కూడా తెలుసులేవయ్యా, కానీ అంత అందమైన పుంజును వదిలి ఏం పెడతావు ఫారంలో అని విసుక్కున్నారు. యాదమ్మ దగ్గర రెండు పొదుగులూ నెగ్గిన ముసలి పుంజు ఒకటి ఉంది. ఒక కన్ను మసక, తోక సగమే. నా లెక్కన డెబ్భై మార్కులు దాటదు. దాని పేరు ఇచ్చాను. ఏం జరిగినా పూచీ నాదేనని రాయించుకుని ఒప్పుకున్నారు. జనవరిలో రిబ్బను వేరెవరిదో పుంజుకు వెళ్ళింది. పీలా మైదానానికే రాలేదు. మల్లయ్య దాన్ని ఇంటి ముందే ఉంచుకుని చివరిదాకా మేపాడు.

ఆ తరువాత రెండేళ్ళు నేను ఆ సెక్షన్‌లో ఉన్నాను. ముసలి పుంజు పిల్లలు దిగిన ప్రతిసారీ ఫారానికి వెళ్ళి, ఒక్కొక్కదాని నెత్తినీ నా బొటనవేలితో తడిమి చూశాను. అంతటితో ఊరుకోకుండా వాటిలో ఎదిగిన పుంజుల్ని యాదమ్మ చేసినట్టే రంపం పెట్టలతో కలిపించాను. ఎక్కడా దారం తగల్లేదు.

ఉద్యోగం ముగిసేదాకా ఎన్నో ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. పుంజును చూసి మార్కులు వేయమంటే వేసేవాణ్ణి, అది నా పని. విత్తనానికి ఎంచిపెట్టమని అడిగినప్పుడు మాత్రం, ముందు దాని పిల్లల్ని తెప్పించమని చెప్పి పెన్సిల్ జేబులో పెట్టుకునేవాణ్ణి.