మిగిలిన కళ్ళజోడు

ఫంక్షన్‌లో పంచగా ఒక్క కళ్ళజోడు మిగిలిపోయింది. ఈ ప్రయాణం దాని కోసమే.

హైదరాబాద్ పత్తర్‌గట్టీలో నాది కళ్ళద్దాల కొట్టు. దసరా వెళ్ళగానే ఒక ధర్మసంస్థ వాళ్ళు షాద్‌నగర్ దగ్గరి పల్లెల్లో శుక్లాల ఆపరేషన్లు చేయించి, అద్దాలు తయారుచేసే పని నాకిచ్చారు. శుక్లం తీసిన కంటికి సోడాబుడ్డి అద్దం పెడితేనే చూపు. లేకపోతే అంతా మసకే. అది తెలిసినవాణ్ణి కనుక కార్తీకం దాటకముందే అన్నీ సిద్ధం చేశాను. "మంత్రిగారు రావాలె, ఫోటోలు దిగాలె. ఫంక్షన్ దాకా ఒక్కటి కూడా బయటికి పోవద్దు" అన్నాడు సంస్థ ప్రెసిడెంటు. సరేనన్నాను. ఏడాది పొడుగునా పనిచ్చే మనిషి మరి! ఉగాది వెళ్ళాక గానీ ఆ మంత్రికి తీరిక దొరకలేదు. అన్నాళ్ళూ కళ్ళజోళ్ళు నా అల్మారాలోనే ఉన్నాయి.

ఫంక్షన్‌కు నర్సయ్య అని బట్టలు నేసే సాలాయన రాలేదు. "ముసలోళ్ళకు ఏం పట్టింపు ఉండదు, పారెయ్" అన్నాడు ప్రెసిడెంటు. పారేయబుద్ధి కాలేదు.

శుక్రవారం కొట్టుకు సెలవు. పొద్దున్నే జహనుమాలో ఇంటినుంచి నడిచి ఫలక్‌నుమా స్టేషన్‌కు వెళ్ళాను. ఏడింటికి రావాల్సిన ప్యాసింజరు ఎనిమిదికి వచ్చింది. ఎదురు బల్లమీద మల్లయ్య అని ఒక పాలాయన, శాలిబండలో పాలు పోసి ఖాళీ క్యాన్లతో ఊరికి వెళ్తున్నాడు.

"ఏడికన్నా, చుట్టాలింటికా?" అన్నాడు.

"కాదు భాయ్, ఆపరేషనయిన ఒక ముసలాయనకు అద్దాలియ్యనీకె పోతున్న."

"గింత దూరం, నీ కర్సుతోనా? మస్తు పుణ్యమన్నా నీకు!"

నిజం చెప్పొద్దూ, ఆ మాటకు లోపల పొంగిపోయాను. ఉమ్దానగర్ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ మురిసిపోతూనే ఉన్నాను.

పదింటికి షాద్‌నగర్‌లో దిగాను. స్టేషన్ బయట చాయ్, రెండు బిస్కెట్లు. బస్సు పదకొండింటికన్నారు, పన్నెండుకు కదిలింది. డ్రైవరు పక్కన బుట్టలో కోళ్ళు, నా ఒళ్ళో ఎవరిదో చింతపండు మూట. బస్సు దిగాక రెండు మైళ్ళ నడక. వెళ్ళదలచినవాళ్ళు గొడుగు మరవకండి, దారిలో నీడన్నదే లేదు.

నర్సయ్య అరుగుమీద తాడు పేనుతున్నాడు. చూపుతో పనిలేకుండా వేళ్ళే పేనుతున్నాయి. పేరు చెప్పి, కళ్ళజోడు తీసి నేనే ఆయన చెవులకు తగిలించాను.

ముందు తన అరచేయి చూసుకున్నాడు. తర్వాత నా మొహం. "పట్నమాయన! గొంతు ఇని పోరడివనుకున్న, నీ మీసం నెరిసిందేందయ్యా?" అని నవ్వాడు. భార్య లచ్చమ్మ నీళ్ళు తెస్తే ఆమె కొంగు పట్టుకుని దగ్గరికి లాగాడు. "గీడ పోగు తెగింది సూడే! గిది మన నేత కాదు, ఎవడు నేసిండో గని!" అబ్బ, ఆ మొహంలో ఎంత వెలుగు!

అదే ఊపులో లేచి లోపలికి నడిచాడు. వెనకాలే వెళ్ళాను. గది మధ్య మగ్గం గుంట. పైన మగ్గం లేదు. గుంటలో ఉల్లిగడ్డలు పోసి ఉన్నాయి.

"మగ్గమేదీ?" అని అడిగేశాను, బుద్ధి లేనివాణ్ణి.

"శివరాత్రికి అమ్మినం" అంది లచ్చమ్మ. "నెలకు అద్దాలొస్తయన్నరు. నెలాయె, మూణ్ణెల్లాయె. షాద్‌నగర్ల అడిగితె ఫంక్షన్ అన్నరు. ఇగ కన్ను పోయిందనుకున్నం. నేసేటోడు లేనింట్ల మగ్గమెందుకని ఇచ్చేసినం. మొన్న ఫంక్షన్‌కని వాళ్ళు కారేస్కొని వచ్చి రమ్మంటె, నేను రానన్నడు ఈయన."

నర్సయ్య నా వైపు తిరిగాడు. "గివి ఎప్పుడు తయారైనయి, అన్నా?"

అబద్ధం నాలుక చివరదాకా వచ్చింది. కానీ నేను చేసిన అద్దాల్లోంచే నన్ను చూస్తున్నాడు.

"కార్తీకంల" అన్నాను.

"కార్తీకంలనా!" లచ్చమ్మ నెత్తి కొట్టుకుంది. "మీ నోట్లె మన్నువడ! నాలుగు దినాలు ముందుగాల తెచ్చిస్తె మీ సొమ్మేం పోతుండె? దండలెయ్యకుంటె కన్ను కనవడదా?"

"ఊకో. గాయినె చేసిండు, గాయినె తెచ్చిండు" అన్నాడు నర్సయ్య. ఆ ఊరడింపే నాకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది. తేవడమే కాదు, దాచింది కూడా నేనే గదా.

ఆయన ఉల్లిగడ్డల్ని ఒక పక్కకు జరిపి, గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేశాడు. నేసేటప్పుడు కూర్చున్నట్టే. ఎదురుగా ఉన్న ఖాళీ గోడను చాలాసేపు చూశాడు. లచ్చమ్మ తిడుతూనే జొన్నరొట్టె పెట్టింది, తిన్నాను.

నాలుగు గంటల బస్సు అయిదుకు వచ్చింది. ఈ సంస్థల క్యాంపులకు నేను ఎంతో కాలంగా అద్దాలు చేస్తున్నాను. ఎవరి కళ్ళకోసమని ఎన్నడూ అనుకోలేదు, బిల్లు ఎవరి పేరుమీదనో అదే చూశాను. ఆ ఊరికి పోయేవాళ్ళకు ఒక్కటే చెప్తాను: ఇచ్చేదేదో తయారైననాడే పట్టుకుపొండి.

సాయంత్రం ప్యాసింజర్‌లో మళ్ళీ మల్లయ్యే, ఈసారి నిండు క్యాన్లతో. నన్ను చూడగానే జరిగి చోటిచ్చాడు.

"పెద్దమనిషికి కనవడ్డదా అన్నా?"

"మంచిగ కనవడ్డది."

"నేనన్లే? నీ అసుంటోడు లక్షకొక్కడు. దిగినంక చాయ్ నేను తాపిస్త, నువ్ కాదనొద్దు."

అల్మారా సంగతి చెప్పకుండానే ఫలక్‌నుమాలో దిగి ఆ చాయ్ తాగాను.